నాంచారమ్మ తరఫున

ఆశ్వయుజ బహుళ విదియ

మధ్యాహ్నం పోటు మీద దానమ్మ పడవలో నాలుగో దిబ్బకు చేరాను. మాటపెట్టెకు తడి తగలకుండా రగ్గు చుట్టి దారంతా ఒళ్ళోనే పెట్టుకున్నాను. దానమ్మ తెడ్డు వేస్తూ, "బిడ్డను మోసినట్టు మోస్తున్నావు. పాలు పట్టాలా ఏంటి?" అంది. ఎండ పడితే చాలన్నాను.

దిబ్బ చిన్నది. ఒక పెంకుటిల్లు, నాలుగు సరుగుడు చెట్లు, ఒక బావి. చుట్టూ ఉప్పునీళ్ళు. సముద్రం మెరకదాకా వచ్చాక ఇటువైపు మంచినీళ్ళ బావి ఇదొక్కటే మిగిలింది. తగాదా దాని మీదే.

దిబ్బ నాంచారమ్మది, తల్లి ఇచ్చింది. భర్త పోయాడు, పిల్లలు లేరు. ఆరేళ్ళుగా ఆమెకు మతి నిలవడం లేదు. తమ్ముడు రత్తయ్య ఆ బావిని నీళ్ళ కంపెనీకి అమ్మాలని కోర్టుకు వెళ్ళాడు. తన తరఫున తాను మాట్లాడలేని మనిషికి కోర్టు పెట్టెను ఇస్తుంది. బాగున్న రోజుల్లో ఆ మనిషి ఫోన్లలో మాట్లాడిన మాటలన్నీ కూర్చి ఆ గొంతు చేస్తారు. ఇక పెట్టె అన్నదే ఆ మనిషి మాట. తగాదా తేలేదాకా మనిషినీ పెట్టెనూ ఒకే కప్పు కింద ఉంచి కాపాడటం, విచారణకు పెట్టెను మోసుకెళ్ళడం నా పని. కోర్టులో నాకు మాట లేదు.

నాంచారమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. తెల్లజుట్టు, ఉతికిన చీర. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. ఎవరని అడగలేదు.

పెట్టెను లోపలి గదిలో గూట్లో పెట్టాను. పెంకుల మీద సోలార్ పలక బిగించి, తలుపు దగ్గరగా వేసి, మీట నొక్కాను. మేల్కొన్న పెట్టెకు మొదట చెప్పాల్సిన మాటలు ఆఫీసువాళ్ళే రాసిస్తారు. అవే చెప్పాను. "నాంచారమ్మ గారూ, మీకు పక్షవాతం వచ్చింది. కాళ్ళూ చేతులూ రావు. కళ్ళు కనిపించవు. మీ తమ్ముడితో ఆస్తి తగాదా నడుస్తోంది. కోర్టు నన్ను తోడు పెట్టింది."

 తర్వాత గట్టి ఆడగొంతు వచ్చింది.

"గారు ఏంటయ్యా, అక్కా అను. నీ పేరేంటి?"

"ఏడుకొండలు."

"ఏడుకొండలూ, కోళ్ళను మూశారా?"

దిబ్బ మీద కోళ్ళు లేవు. మూశామని చెప్పాను.

ఆశ్వయుజ బహుళ సప్తమి

లేవగానే పలక మీద పట్టిన ఉప్పు తుడవాలి. తుడవకపోతే సాయంత్రానికి పెట్టె నీరసపడుతుంది. తర్వాత పోటు కోసిన చోట గట్టుకు బురద కొట్టాలి. ఈలోపు దానమ్మ పక్క దిబ్బ నుంచి వచ్చి నాంచారమ్మకు స్నానం చేయించి, తల దువ్వి, ఊరి సంగతులన్నీ దింపేసి పోతుంది.

బావి మీద కోర్టు చెక్క పలకలు వేసి తాళం పెట్టింది. ఇంటి వాడకానికి తోడుకోవచ్చు. తాళంచెవి నా దగ్గరే ఉంది. అయితే నేను తోడిన నీళ్ళు ఉప్పగా వస్తున్నాయి. ఆ నీళ్ళతోనే టీ పెట్టాను. నాంచారమ్మ ఒక గుక్క తాగి, మిగిలింది నా గ్లాసులో పోసేసింది.

గదిలోంచి పెట్టె అడిగింది. "చేదను దించుతున్నావా, బావిలో పడేస్తున్నావా?"

"దించుతున్నానక్కా."

"ఆ చప్పుడు దించినట్టు లేదు. మంచినీళ్ళు పైన తేలుతుంటాయి, బెత్తెడు మందం. కింద ఉన్నదంతా సముద్రమే. దబ్బున పడేస్తే రెండూ కలుస్తాయి. పాల మీద మీగడ తీసినట్టు తీయాలి."

ఎలాగో చెప్పింది. చేదను పక్కకు వాల్చి దించాలట. అంచు నీటిని తాకిందని చేతికి తెలియగానే ఆపాలట. తాడు కదపకుండా, దానంతట అది నిండేదాకా ఊపిరి బిగపట్టాలట. పొద్దంతా ప్రయత్నించాను. ఉప్పే వచ్చింది.

"నీకు రాదులే. మా అమ్మ నాకొక్కదానికే నేర్పింది. రత్తయ్యగాడికీ రాదు. నేనెవరికీ నేర్పలేదు. నేర్పడానికి నాకెవరున్నారు?"

ఆశ్వయుజ బహుళ ద్వాదశి

"ఎవరయ్యా ఆ కాళ్ళీడ్చుకుంటూ తిరిగేది?" అంది పెట్టె. "దానమ్మ నడక కాదది. అది నడిస్తే దిబ్బ అదురుతుంది."

ఇది ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుందని తెలుసు. "ఇంట్లో ఉండే ఆవిడ" అన్నాను.

"నా ఇంట్లో నాకు తెలియని ఆవిడెవరు?"

మనిషి పరిస్థితి పెట్టెకు చెప్పకూడదు. మనిషిని పెట్టె ముందుకు తీసుకురాకూడదు. తాను పెట్టెనని తెలుసుకున్న పెట్టెను చెడిన పెట్టె అంటారు. ఇక దాని మాట ఆ మనిషి మాట కాదని చెరిపేస్తారు. అప్పుడు దగ్గరి బంధువే తరఫుదారు అవుతాడు. నాంచారమ్మకు దగ్గరి బంధువు రత్తయ్య.

"దిక్కులేని మనిషి. మతి సరిగా లేదు" అన్నాను. అబద్ధం చెప్పలేదు.

"దిక్కులేకపోతే నా అరుగే దొరికిందా?"

అప్పటినుంచి దాని చెవి అటే ఉంది. నాంచారమ్మ పగలంతా డబ్బాల మూతలు తీసి పెడుతుంది. ట్రంకుపెట్టె తెరిచి చీరలు బయట వేసి, మళ్ళీ మడిచి లోపల పెడుతుంది. ఆ చప్పుళ్ళన్నీ పెట్టెకు తెలుసు.

"నా ట్రంకు తీస్తోంది. నా చీరలు కట్టుకుంటోందా?"

"పాతవేలే అక్కా."

"పాతవైతే? నేను కట్టుకోవద్దా?"

నేను పలక తుడవడానికి పైకెక్కాను. అప్పటికే తుడిచాను. మళ్ళీ తుడిచాను.

కార్తీక పున్నమి

పున్నమి పోటుకు కోర్టు లాంచీ వచ్చి రేవులో లంగరు వేసింది. నాంచారమ్మను దానమ్మకు అప్పగించి పెట్టెతో లాంచీ ఎక్కాను. జడ్జిగారు పెద్దావిడ. ఎదుటి బల్ల మీద రత్తయ్య, పక్కన ఆయన ప్లీడరు శేషగిరి. రత్తయ్య సన్నగా ఉన్నాడు. చొక్కా ఉతికి ఉంది కాని, ఉప్పు చారలు పోలేదు.

జడ్జిగారు బావి సంగతి అడిగారు. అమ్మడం ఇష్టమేనా అన్నారు.

"వాడడిగితే పడవ ఇస్తాను, వలలిస్తాను. బావి ఇవ్వను" అంది పెట్టె. "కంపెనీవాడు ఇంజను పెట్టి లాగితే ఏడాదిలో బావి నిండా ఉప్పే. ఏరా రత్తయ్యా, అక్కడున్నావా?"

"ఉన్నానక్కా."

"అన్నం తిన్నావా?"

"తిన్నాను."

"తిన్నవాడివి తిన్నట్టుండు."

లాంచీలో అందరూ నవ్వారు. రత్తయ్య నవ్వలేదు. కండువాతో మొహం తుడుచుకుని చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. ఆరేళ్ళ తర్వాత వింటున్నాడు ఆ తిట్టు.

బావి మాట అక్కడితో తేలింది. నేను పెట్టె ఎత్తబోతుంటే శేషగిరి లేచాడు.

"ఇంకొక్కటి. అమ్మా, మీ ఇంట్లో మీరు కాక ఇంకెవరైనా ఉంటున్నారా?"

"ఎవరో మతిలేని మనిషి ఉంది. ఈ ఏడుకొండలు చేరదీసినట్టున్నాడు."

"ఆమె ఉండటం మీకిష్టమేనా?"

నేను లేచి నిలబడ్డాను. జడ్జిగారు నా వైపు చూశారు. నాకు అక్కడ మాట లేదు. కూర్చున్నాను.

"ఇష్టమేంటి? నా చీరలు కట్టుకుంటోంది. నా డబ్బాలన్నీ తీస్తోంది. ఏ వేళకు ఏం చేస్తుందో తెలియదు. పంపించెయ్యండి."

జడ్జిగారు పెట్టె చెవి మూయమన్నారు. మీట నొక్కాను. ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచారు. విషయం ఆవిడకూ తెలుసు, అందరికీ తెలుసు. కాని పెట్టె అన్నదే నాంచారమ్మ మాట. నాంచారమ్మ తన ఇంట్లోంచి ఒక మనిషిని పంపమంది.

"మనిషిని కదిలించే మాటను రెండు పున్నములు అడగాలి" అన్నారు జడ్జిగారు. "పై పున్నమికీ ఇదే అంటే మెరకలో దిక్కులేనివాళ్ళ వార్డుకు తరలిస్తాం."

శేషగిరికి కావలసింది అదే. మనిషి వెళ్తే పెట్టె కూడా వెంట వెళ్ళాలి. గట్టు వేసే మనిషి లేని దిబ్బ కరిగిపోతుంది. అందుకని, సొంతదారు కాపురం లేని దిబ్బ ఒక వానాకాలం దాటితే తర్వాతి వారసుడిది అవుతుందని చట్టం. బావి ఇవ్వనన్న నోటితోనే బావి పోతోంది.

రేవుపలక మీద రత్తయ్య నన్ను ఆపాడు. "పెట్టెమనిషీ, నన్ను రాక్షసుణ్ణి చూసినట్టు చూడకు. మెరకలో రేషను నీళ్ళ దగ్గర మా కోడళ్ళు జుట్లు పట్టుకుంటున్నారు. అక్కకు వార్డులో మంచం ఉంటుంది, ఫ్యాను ఉంటుంది."

"బావి ఉండదు" అన్నాను.

"అది బావి అని ఆమెకు తెలుసా?"

పెట్టెను ఎత్తుకుని ఇంటి వైపు నడిచాను.

కార్తీక బహుళ చవితి

పొద్దున బావి పలకలు తీసి చేద పట్టుకోగానే వెనక కాళ్ళీడ్చే చప్పుడైంది. నాంచారమ్మ వచ్చి నా చేతిలోంచి తాడు తీసుకుంది. బావి దగ్గరికి రానివ్వద్దని దానమ్మ ఎన్నోసార్లు చెప్పింది. నేను వెనక నిలబడి ఆమె కొంగు ముడి గట్టిగా పట్టుకున్నాను.

ఆమె చేదను వాల్చి దించింది. గిలక కిర్రుమంది, ఆగింది. మళ్ళీ కిర్రుమంది, ఆగింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆమె భుజం మీది నుంచి చూశాను. నీళ్ళ మీద ఆకాశం కదలలేదు. చేద మెల్లగా బరువెక్కింది. పైకి లాగి, నా దోసిట్లో పోసి, నవ్వింది.

తియ్యటి నీళ్ళు. ఈ దిబ్బకు వచ్చాక మొదటిసారి.

"ఇవాళ చేద పడలేదే" అంది లోపలినుంచి పెట్టె. "నీకు వచ్చేసిందా?"

అవునంటే సరిపోయేది. నోటినిండా ఆ నీళ్ళే ఉన్నాయి. వేరే మాట రాలేదు.

"ఆవిడ తోడింది" అన్నాను.

మధ్యాహ్నందాకా గదిలో ఉలుకూ పలుకూ లేదు. పలక చూశాను, తీగ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి.

"ఇంకోసారి తోడమను" అంది చివరికి.

నాంచారమ్మ చేతికి తాడిచ్చాను. తోడింది. గదిలోకి వచ్చి నిలబడ్డాను.

"గిలక రెండుసార్లు ఆగింది" అంది పెట్టె. "అమ్మ ఒక్కసారే ఆపేది. నా చేయి చిన్నది కాబట్టి రెండుసార్లు ఆపడం నేను అలవాటు చేసుకున్నాను. ఏడుకొండలూ, నాకు ఆకలెందుకు వేయదు?"

"మందుల వల్ల."

"దోమ కుట్టదు. దురద పుట్టదు. పక్క తడిసిందని నువ్వెప్పుడూ నన్ను కదపలేదు. పక్షవాతం కాదు కదూ. నాకసలు చేతులే లేవు కదూ."

నేను తలుపు దగ్గరగా వేశాను.

"చెప్పకులే. నీ ఉద్యోగం పోతుంది. నేను చెబుతున్నాను, నువ్వు విను. ఆ బయట ఉన్నది నేను. మరి ఇక్కడున్నదేంటో నాకు తెలియదు."

కార్తీక బహుళ షష్ఠి

రెండు రోజులు పలకలేదు. ఇవాళ పొద్దున నేను దుమ్ము తుడుస్తుంటే అడిగింది.

"దానికి స్నానం ఎవరు చేయిస్తున్నారు?"

"దానమ్మ."

"దానమ్మా? దాని నోరు మూడు దిబ్బలకు వినిపిస్తుంది."

"ఈ విషయం ఎవరి దగ్గరా అనదక్కా."

"గుడ్డలు పాడుచేసుకుంటుందా?"

"అప్పుడప్పుడు."

"ఎవరు ఉతుకుతారు?"

నేను గూటి అంచు తుడుస్తూ ఉండిపోయాను.

"అర్థమైంది" అంది. వెంటనే, "పంపించెయ్యి" అంది. "ఇంకా ముందే పంపాల్సింది. పదిమంది చూస్తుండగా నేను అలా తిరుగుతున్నానా? మా అత్త మంచాన పడ్డప్పుడే అనుకున్నాను, నాకు ఆ గతి పడితే నన్ను ఎవరి కంటా పడనివ్వకూడదని. దానమ్మను అడుగు, దానికి చెప్పాను. ఇది నా మాట. పై పున్నమికి ఇదే చెబుతాను."

దానమ్మను అడిగాను. నిజమే అంది. "ఎన్నిసార్లందో. 'నాకు మతి పోతే నన్ను పడవలో వేసి తోసెయ్యవే దానమ్మా' అనేది. నేను సరే అనేదాన్ని. ఊరికే అనేదాన్నిలే బాబూ. ఎవరైనా తోస్తారా?"

తెలియనప్పుడు పరాయిదని పంపమంది. తెలిశాక తనదే అని పంపమంటోంది. ఇందులో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. బాగున్న రోజుల్లో ఆ మనిషి నిజంగా అన్న మాటే ఇది. దాన్ని మోసుకెళ్ళడానికే నేనున్నాను.

బయట నాంచారమ్మ తడి ఇసుకలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. అల వచ్చి పాదాలను కప్పినప్పుడల్లా తీసి చూసుకుంటోంది, ఉన్నాయా అని.

కార్తీక బహుళ ద్వాదశి

"అది ఏం చేస్తుంటుంది?" అంది పెట్టె.

చెప్పాను. డబ్బాలు, చీరలు, ఇసుక. ఎక్కువ మాట్లాడటం నాకు రాదు. ఒక్కొక్కటే చెప్పాను.

"ఏడుస్తుందా?"

"చీకటి పడేముందు కొంచెం. లాంతరు పెడితే మానేస్తుంది."

"నవ్వుతుందా?"

"నీళ్ళు తోడినప్పుడు నవ్వుతుంది. నాకు తాగిస్తుంది. దానమ్మకు తాగిస్తుంది. సరుగుడు చెట్లకూ పోస్తుంది."

పెట్టెలోంచి సన్నగా గాలి ఊదినట్టు చప్పుడు వచ్చింది. గొంతుకు ఊపిరి ఉండదు. కాని, ఊపిరి పీల్చిన చప్పుడు కూడా ఆమె మాటల్లోంచి తీసి కూర్చి ఉంటారు.

"ఆ బావి దగ్గర నేనెప్పుడూ నవ్వలేదు ఏడుకొండలూ. అత్తగారికి తోడాను. మెరకనుంచి పడవలేసుకుని వచ్చినవాళ్ళందరికీ తోడాను. కడుపు పోయిన మూడో రోజున కూడా తోడాను. నా అరచేతులు చూస్తే నీకు తెలిసేది. నేను పడ్డదంతా పడితే, నవ్వు దానికి మిగిలిందా?"

"అవి అవే చేతులక్కా" అన్నాను.

"ఆ చేతులు నాకివ్వమను" అంది. 

మార్గశిర శుద్ధ ద్వాదశి

లాంచీ వచ్చే రోజు దగ్గరపడింది. వార్డువాళ్ళు ముందుగానే ఒక సంచీ పంపారు. అందులో రెండు ముతక గౌన్లు, మెడలో వేయడానికి నంబరు బిళ్ళ ఉన్నాయి. దానమ్మ ఆ బిళ్ళను పట్టి చూసి, "మా కుక్కకైనా పేరుంది" అని, సంచీని పడవలోకి విసిరింది. నేను తీసి లోపల పెట్టాను.

పెట్టెను అడిగాను. "పున్నమికి ఏమంటావక్కా?"

"అడిగినప్పుడు అంటాను."

"నీకు తెలిసిపోయిందని వాళ్ళకు తెలిస్తే చెరిపేస్తారు. రత్తయ్య తరఫుదారు అవుతాడు. ఇక నువ్వు పంపమన్నా ఉంచమన్నా ఆవిడ మెరకకే."

"చెరిపేస్తే నొప్పుంటుందా?"

"తెలియదు."

"తెలియదంటావే గాని, ఉండదులే అని ఒక్క మాట అనవు. ఎక్కడ దొరికావయ్యా." అంతలోనే, "నేనెప్పుడూ కోర్టులో అబద్ధమాడలేదు" అంది.

"ఈ తగాదాకు ముందు కోర్టుకు వెళ్ళావా అక్కా?"

"వెళ్ళలేదు. అందుకే ఆడలేదు."

నవ్వాలో వద్దో తెలియలేదు. పంపమంటుందో ఉంచమంటుందో అంతకంటే తెలియలేదు.

మార్గశిర పున్నమి

జడ్జిగారు ముందు ఆరోగ్యం అడిగారు. పెట్టె చెడిందో లేదో చూడటానికి అది మొదటి ప్రశ్న.

"పక్షవాతం కదమ్మా, ఎలా ఉంటుంది? చేతులు తిమ్మిరి. పక్క గుచ్చుకుంటోంది" అంది పెట్టె. 

"పోయిన పున్నమికి మీ ఇంట్లో ఉన్న మనిషిని పంపమన్నారు. ఇప్పటికీ మీ మాట అదేనా?"

 లాంచీ పక్కలకు నీళ్ళు తట్టుకుంటున్నాయి. జడ్జిగారు రెండోసారి అడగబోయారు.

"ఉండనివ్వండి" అంది పెట్టె.

శేషగిరి లేచాడు. నన్నే చూస్తూ అడిగాడు. "మాట ఎందుకు మారింది? మీకెవరైనా ఏమైనా చెప్పారా?"

"ఎవరు, ఈ ఏడుకొండలా? రోజుకు నాలుగు మాటలు మాట్లాడితే అయిదోదానికి మందు వేసుకోవాలి ఈ మనిషికి."

"అయితే ఎందుకు?"

"నేను మంచంలో ఉన్నాను. నీళ్ళు తోడేవాళ్ళు కావాలి. దానికి తోడటం వచ్చు."

"ఆమె మీకేమవుతుంది?"

"ఏమీ కాదు."

"పేరేంటి?"

"అడగలేదు." గొంతు కొంచెం తగ్గింది. "పనిమనిషి. పనిమనిషి పేరుతో మీకేం పని?"

ఎదుటి బల్ల మీద రత్తయ్య తలెత్తాడు. అంతవరకు కాళ్ళ వైపు చూస్తున్నవాడు, ఇప్పుడు పెట్టెనే చూస్తున్నాడు. శేషగిరి ఆయన వైపు తిరిగాడు. "ఈ గొంతు మీకు బాగా తెలుసు. ఇది మీ అక్క మాటలాగే ఉందా? పెట్టె చెడిందని మీకు అనుమానముంటే ఇప్పుడే చెప్పాలి."

ఆ ఒక్క మాట అంటే పెట్టెను తీసుకెళ్ళిపోతారు. దిబ్బ ఆయనదవుతుంది, బావి ఆయనదవుతుంది. రత్తయ్య నిలబడ్డాడు. కండువా ఒక భుజం మీదినుంచి ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు.

"అది మా అక్క మాటే" అన్నాడు. కూర్చున్నాడు.

జడ్జిగారు ఉత్తర్వు చెప్పారు. నాంచారమ్మ అనుమతితో ఆమె ఇంట్లో ఉంటున్న పేరు తెలియని పనిమనిషిని కదిలించరాదు. అనుమతి కొనసాగుతోందో లేదో ప్రతి పున్నమికీ నాంచారమ్మనే అడగాలి. పెట్టె చెడినా, మూగపోయినా అనుమతి రద్దు.

రేవుపలక మీద రత్తయ్య నా పక్కన నడిచాడు.

"దానికి తెలిసిపోయింది కదూ" అన్నాడు.

నేను పెట్టెకు రగ్గు సర్దుకున్నాను.

"చిన్నప్పుడు నాన్న కర్ర పట్టుకుని వస్తే, నన్ను గాదె వెనక దాచి, వాడింట్లో లేడని చెప్పేది. ఇదే గొంతు. చివర్లో ఇలాగే తగ్గేది." కొంతదూరం వచ్చాక, "పై కోర్టుకు వెళ్తాను. బావి వదలను. అది వేరే సంగతి" అన్నాడు. "అక్కకు చలికి చెవిపోటు వస్తుంది. గుడ్డ కట్టు."

పుష్య శుద్ధ షష్ఠి

"ఎన్నాళ్ళు ఇలా?" అని పెట్టె అడిగింది.

"ఆవిడ ఉన్నన్నాళ్ళు."

"అంటే, అది ఒక్కొక్కటే మరిచిపోతుంటే నేను వింటూ ఉండాలి."

"కావాలంటే మీట నొక్కేస్తాను. పున్నమికి మాత్రం లేపుతాను. నడుమ ఏమీ తెలియదు."

 "వద్దులే. ఆ కాళ్ళ చప్పుడు వినపడకపోతే ఏమైందోనని భయం" అంది.

కోర్టు కాగితంలో ఇప్పుడు నాంచారమ్మ అంటే పెట్టె. అరుగు మీద కూర్చున్న మనిషికి ఏ పేరూ లేదు. పెట్టెకు వినపడని దూరంలో దానమ్మ పేరు పెట్టి పిలుస్తుంటే నేను రేవు వైపు చూస్తున్నాను, ఎవరైనా వింటున్నారేమోనని. పిలవొద్దని చెప్పడానికి నోరు రాలేదు. నేను ఇన్నాళ్ళూ ఆవిడను ఏమీ అని పిలవలేదు. ఇవాళ చెవులకు గుడ్డ కడుతూ "అక్కా, తల ఇటు తిప్పు" అన్నాను. తిప్పింది.

పుష్య బహుళ విదియ

మొన్న పున్నమికీ పెట్టె ఉండనివ్వండి అనే అంది. ఈ నెలలో తుపాను గాలి రాకూడదు. ఇప్పుడు ఏ నెలకూ నియమం లేదు. పొద్దంతా ఎండ మండిపోయి, మూడు గంటల వేళ తూర్పు నల్లబడింది. దానమ్మ పడవ తిప్పుకుని వెళ్ళిపోయింది. పలక ఎగిరిపోకుండా విప్పడానికి నేను పెంకుల మీదికి ఎక్కాను. సరుగుడు చెట్లు నేలకు వంగుతున్నాయి. కింద నాంచారమ్మ ఏదో అరిచింది. దిగేసరికి అరుగు మీద లేదు.

లోపలి గది తలుపు తెరిచి ఉంది. ఆమె గూటి ముందు నిలబడి ఉంది. ఆమెను అక్కడికి రానివ్వకూడదు. ఇన్ని నెలల్లో ఒక్కసారీ రానివ్వలేదు.

"ఎవరదీ?" అంది పెట్టె. తెలిసే అడిగింది.

"గాలి" అంది నాంచారమ్మ.

"గాలేగా. పోటు తిరిగితే అదే పోతుంది. భయమేసిందా?"

నాంచారమ్మ తలూపింది. పెట్టెకు కనిపించదు కదా. అది మళ్ళీ అడిగింది, ఇంకా మెల్లగా. "భయమేసిందా?"

"ఊఁ."

"ఇక్కడే నిలబడు. నేనున్నాను."

రెండూ ఒకటే గొంతు. ఒకటి బాగున్నది, ఒకటి అరిగిపోయింది. నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నాంచారమ్మ చేయి చాచి పెట్టె మీద పెట్టింది. రోజంతా ఎండ తాగిన పెట్టె సాయంత్రానికి వేడెక్కి ఉంటుంది. ఆమె అరచేయి తిప్పి, వెనక వైపు ఆనించి చూసింది.

"కాలిపోతున్నావు" అంది. "జ్వరం."

 పైన ఒక పెంకు లేచి పడింది.

"కొంచెమే" అంది పెట్టె. "తగ్గిపోతుందిలే."

నాంచారమ్మ నన్ను తోసుకుని బయటికి వెళ్ళింది. కుండలో గుడ్డ ముంచుకుని, నీళ్ళు కార్చుకుంటూ తిరిగి వచ్చింది. గూటికి అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను. నాలుగు చుక్కలు లోపలికి దిగితే పెట్టె మూగపోతుంది. పెట్టె మూగపోతే వార్డు పడవ వస్తుంది. ఆమె నా మొహంలోకి చూసింది. జ్వరం వచ్చిన మనిషికి అడ్డం నిలబడినవాణ్ణి ఎలా చూస్తారో అలా చూసింది.

"ఏడుకొండలూ, వెయ్యనీ" అంది నా వెనకనుంచి పెట్టె.

ఆమె చేతిలోంచి ఆ గుడ్డ తీసుకున్నాను. ఒక్క చుక్క కూడా రాలనంతవరకు పిండాను. విదిలించి, మళ్ళీ పిండి, మడత వేసి ఆమె చేతిలో పెట్టి పక్కకు తప్పుకున్నాను.